సముద్రంలో కలిసే నీటిని వృథా పద్దులో రాసే ఇంజనీర్లకు, అధికారులకు బహిరంగ లేఖ

నదీ జలాల ప్రణాళికలు తయారుచేసే ఇంజనీర్లకు, వాటి మీద సంతకాలు పెట్టే అధికారులకు నమస్కారం.

ఏ నది మీద ఏ ప్రాజెక్టు నివేదిక తెరిచినా మొదటి పేజీల్లోనే ఒక మాట కనిపిస్తుంది. ఏటా ఇంత నీరు వృథాగా సముద్రం పాలవుతోందని. ఆ తర్వాత ఆనకట్ట ఎత్తు, జలాశయం సామర్థ్యం, ఆయకట్టు, కరెంటు లెక్కలు వరసగా వస్తాయి. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. సాగుకీ తాగడానికీ నీళ్లు కావాలి, కాదనేవాళ్లెవరు? నా పేచీ అంతా ఆ మొదటి మాటతోనే. నేను సముద్ర జీవశాస్త్రం బోధిస్తాను. నదిని మీరు పైనుంచి కిందికి చూస్తారు, నేను సముద్రంలో నిలబడి ఎదురుగా చూస్తాను. ఇటునుంచి చూస్తే వచ్చేది ఒట్టి నీరు కాదు. నీటితో పాటు ఒక సరుకు వస్తుంది. మీ నివేదికల్లో దానికి ఒక్క గడి కూడా లేదు.

నీటి సంగతి ముందే తేల్చేద్దాం. ప్రపంచంలోని నదులన్నీ కలిసి ఏటా సుమారు 36,000 నుంచి 40,000 ఘనపు కిలోమీటర్ల నీటిని సముద్రాల్లో పోస్తాయి. అందులో దాదాపు ఐదో వంతు అమెజాన్‌దే. సముద్రాల్లో ఇప్పటికే ఉన్నది సుమారు 133 కోట్ల ఘనపు కిలోమీటర్లు. కాబట్టి పరిమాణం వరకూ మీ మాటే నిజం, నది తెచ్చే నీళ్లు సముద్రానికి ఒక లెక్కే కాదు. కానీ సముద్రంలో కొదవ నీటికి కాదు. భాస్వరానికి, నత్రజనికి, సిలికాకు, ఇనుముకు.

వెలుతురు పడే పై పొరలోనే సముద్రపు పంట పండుతుంది. ఆ పంట నీటిలో తేలే, కంటికి కనిపించని మొక్కల్లాంటి జీవాలది, అంటే వృక్ష ప్లవకాలది. చేప, రొయ్య, తిమింగలం అన్నీ చివరికి దాని మీదే బతుకుతాయి. చిక్కేమిటంటే, ఆ పొరలో చచ్చిన ప్రతిదీ, తిని విసర్జించిన ప్రతిదీ కిందికి దిగిపోతుంది, దాంతో పోషకాలూ చీకట్లోకి పోతాయి. వాటిని మళ్లీ పైకి తేవాలంటే లోతు నీరు పైకి ఉబకాలి, లేదా గాలి దుమ్ము మోసుకురావాలి, లేదా నది తేవాలి. నడి సముద్రంలో వేల కిలోమీటర్ల మేర నీరు అంత నీలంగా, తేటగా ఉందంటే అక్కడ బతికేది తక్కువని అర్థం. తీరం దగ్గర ఆకుపచ్చగానో మట్టి రంగులోనో కనిపించే నీటిలోనే ప్రపంచపు చేపల వేటలో పెద్ద భాగం జరుగుతుంది.

ఈ సరుకు నదికి ఎక్కడ దొరుకుతుంది? కొండల్లో రాయి నెమ్మదిగా కరుగుతుంది. వాన నీటిలోని కార్బన్ డయాక్సైడ్, వేళ్లు వదిలే ఆమ్లాలు రాతిని తింటాయి. సిలికా, భాస్వరం, ఇనుము అలా విడివడతాయి. నత్రజని ఎక్కువగా మట్టి నుంచి వస్తుంది. కుళ్లిన ఆకులు, నేలలోని హ్యూమస్ (కుళ్లి మిగిలిన నల్లటి పదార్థం), వరద మైదానాల్లో నానిన గడ్డి, కొట్టుకొచ్చిన మానులు, ఇవన్నీ సేంద్రియ పదార్థం. నదులు ఏటా 40 నుంచి 50 కోట్ల టన్నుల సేంద్రియ కార్బన్‌ను సముద్రానికి చేరుస్తాయని అంచనా. అందులో దాదాపు సగం రేణువుల రూపంలో ఒండ్రుతో వస్తే, మిగతా సగం నీటిలో కరిగి కంటికి కనపడకుండా వస్తుంది. కనపడనిదని పూర్తిగా అనలేం లెండి, అమెజాన్ ఉపనది రియో నెగ్రో నీరు నల్లగా ఉండేది ఈ కరిగిన హ్యూమస్ వల్లే.

నది మొగ దగ్గర జరిగేది మాత్రం నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని విషయం. మంచినీటిలో బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఉప్పు తగలగానే ఆ నెట్టుకోవడం ఆగిపోతుంది. రేణువులు అతుక్కుని గుంపులై కిందికి దిగుతాయి. కరిగి ఉన్న ఇనుములో చాలా భాగం, హ్యూమస్‌లో కొంత భాగం వాటితోనే మొగలో దిగబడిపోతాయి. అదే సమయంలో, మట్టి రేణువులకు అంటుకుని వచ్చిన భాస్వరంలో కొంత ఉప్పునీటిలో వాటిని వదిలేసి విడుదలవుతుంది. అంటే నది తెచ్చిన సరుకు ఉన్నది ఉన్నట్టు సముద్రానికి చేరదు. మొగలో ఒక భాగం ఆగుతుంది, ఒక భాగం రూపు మారుతుంది, మిగిలింది ముందుకు సాగుతుంది. మొగ దగ్గర నీరు బురదగా ఉంటుంది కాబట్టి వెలుతురు లోపలికి పోదు, పోషకాలు ఎన్ని ఉన్నా ప్లవకాలు పెరగలేవు. బురద తేరుకున్న చోట, ఒడ్డుకు ఇంకా దూరంలో, పంట మొదలవుతుంది. అమెజాన్ తేట నీటి పొర అట్లాంటిక్ మీద పది లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. దాని అంచుల్లో డయాటమ్‌లు (సిలికాతో పెంకు కట్టుకునే వృక్ష ప్లవకాలు), వాటి లోపల కాపురముంటూ గాలిలోని నత్రజనిని స్థిరీకరించే సూక్ష్మజీవులు కలిసి పెరుగుతాయి. నది తెచ్చిన సిలికా, భాస్వరం వాటికి పెట్టుబడి. మీ నివేదికల్లో నది కథ తీరపు గీత దగ్గర ముగుస్తుంది, నిజానికి అక్కడి నుంచి ఇంకా చాలా ఉంది.

ఈ సరుకు ఆగిపోతే ఏమవుతుందో తెలియడానికి ఊహాగానాలు అక్కర్లేదు, నైలు నది ఉంది. ఏటా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చే నైలు వరద ఇథియోపియా కొండల ఒండ్రును, ఫాస్ఫేటును, సిలికాను మధ్యధరా సముద్రంలో కుమ్మరించేది. అసలే పోషకాలు తక్కువైన సముద్రం అది. వరద రాగానే డెల్టా ఎదుట డయాటమ్‌లు విరగబడి పెరిగేవి, వాటి కోసం సార్డీన్ చేపల మందలు వచ్చేవి. 1962లో ఈజిప్టు తీరంలో సార్డీన్ వేట సుమారు 18,000 టన్నులు. 1964లో ఆస్వాన్ హై డ్యామ్ వెనక నీరు నింపడం మొదలైంది. 1968, 1969 సంవత్సరాల్లో వచ్చిన సార్డీన్లు ఐదారు వందల టన్నులు. రొయ్యల వేట కూడా పడిపోయింది.

ఆస్వాన్ కథ ఇక్కడితో ఆపేసి ఆనకట్టలు చెడ్డవని తేల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. కథ అక్కడ ఆగలేదు. 1980ల్లో వేట మళ్లీ పుంజుకుంది, ఆనకట్టకు ముందున్న స్థాయిని దాటింది కూడా. వరద తిరిగి రాలేదు, మరి పోషకాలు ఎక్కడివి? ఈజిప్టు పొలాల్లో చల్లిన ఎరువులు, కైరో, అలెగ్జాండ్రియా నగరాల మురుగు. చేపల కండలోని నత్రజని ఐసోటోపులను (బరువులో తేడా ఉండే నత్రజని రూపాలను) పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనం, ఆ వేటలో సగానికి పైగా ఎరువుల, మురుగు పోషకాల మీదే ఆధారపడి ఉండొచ్చని చెప్పింది. చేపలు తిరిగొచ్చాయి కదా, ఇక బాధేమిటని మీలో ఎవరైనా అడగొచ్చు. వచ్చిన నత్రజని, భాస్వరం వేరే దారిన వచ్చాయి, ఒండ్రు మాత్రం రాలేదు. డెల్టా తీరం కోతకు గురవుతూనే ఉంది. మురుగు మీద నడిచే సముద్రాన్ని, శుద్ధి కేంద్రాలు సరిగ్గా కట్టిన రోజున మళ్లీ ఆకలికి వదిలేయాలి. లేదంటే శుద్ధి చేయకుండా ఉండాలి. రెండూ కోరుకోదగ్గవి కావు.

అసలు సమస్య నది తెచ్చేది పెరిగిందా తగ్గిందా అన్నది కాదు, పాళ్లు మారిపోయాయి. వృక్ష ప్లవకాలకు సగటున ఒక భాస్వరం పరమాణువుకు పదహారు నత్రజని పరమాణువులు కావాలి. డయాటమ్‌లకైతే గాజులాంటి పెంకు కట్టుకోవడానికి నత్రజనితో దాదాపు సమానంగా సిలికా కూడా ఉండాలి. నత్రజని, భాస్వరం మనిషి చేతిలో పెరుగుతాయి, ఎందుకంటే ఎరువులు, మురుగు ఉన్నాయి. సిలికాను ఎవరూ చల్లరు. అది రాతి నుంచే రావాలి. పైగా జలాశయంలో నీరు నిలిచి తేటపడగానే అక్కడే డయాటమ్‌లు పెరిగి, చచ్చి, ఆ సిలికాను అడుగున పూడికలో పాతేస్తాయి. సముద్రానికి చేరేసరికి నత్రజని ఎక్కువ, సిలికా తక్కువ. అప్పుడు డయాటమ్‌ల చోటును సిలికా అక్కర్లేని జాతులు ఆక్రమిస్తాయి. వాటిలో కొన్ని విషపూరితం, కొన్నింటిని చిన్న జంతు ప్లవకాలు తినవు. ప్లవకాలు ఎన్ని పెరిగినా చేపకు అందదు.

నల్ల సముద్రంలో కలిసే యూరప్ నది డాన్యూబ్ విషయంలో ఈ సంగతి మొదట గట్టిగా చర్చకు వచ్చింది. దాని మీది ఐరన్ గేట్స్ ఆనకట్ట 1972లో పూర్తయ్యాక నల్ల సముద్రంలో సిలికా బాగా తగ్గిందని, డయాటమ్‌ల వాటా పడిపోయిందని 1997లో ఒక పరిశోధన బృందం చెప్పింది. తర్వాత ఆ జలాశయంలోనే నేరుగా కొలిస్తే అది ఆపుతున్న సిలికా కొద్దిగానే ఉంది. అప్పుడు చూపు ఎగువన, ఉపనదుల మీద ఉన్న అనేక ఆనకట్టల మీదికి మళ్లింది. మీకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. మీరు పర్యావరణ ప్రభావ అంచనా వేసేటప్పుడు ఒక్కో ఆనకట్టను విడిగా చూస్తారు. విడిగా చూస్తే ఏ ఒక్కటీ దోషి కాదు, ప్రతిదీ 'ప్రభావం స్వల్పం' అన్న ముద్రతో బయటపడుతుంది. నది మొత్తానికి కలిపి లెక్క కడితేనే మొగ దగ్గర ఏం జరుగుతోందో తెలుస్తుంది, ఆ పని చేసే కుర్చీ ఎవరిదీ కాదు.

ఒండ్రు విషయంలోనూ ఇదే తలకిందుల లెక్క. అడవులు నరికి, నేల దున్ని, గనులు తవ్వి మనం నదుల్లోకి ఏటా 230 కోట్ల టన్నుల మట్టిని అదనంగా చేర్చామని 2005లో ఒక ప్రపంచ స్థాయి అంచనా వచ్చింది. అయినా తీరానికి చేరే మట్టి ఏటా 140 కోట్ల టన్నులు తగ్గింది. జలాశయాల్లో అప్పటికే పది వేల కోట్ల టన్నులకు పైగా పూడిక పేరుకుంది, అదీ చాలా వరకు అర్ధశతాబ్దంలో. కొండ మీద మట్టి పోతోంది, తీరంలో మట్టి లేదు. దాంతో పాటు సేంద్రియ పదార్థమూ, మట్టికి అంటిన భాస్వరమూ జలాశయం అడుగున ఉన్నాయి. 2000 నాటికి ప్రపంచ నదులు మోసే మొత్తం భాస్వరంలో సుమారు 12 శాతాన్ని ఆనకట్టలు పట్టేస్తున్నాయని మరో లెక్క. అడుగున ఆక్సిజన్ లేని చోట ఆ సేంద్రియ పదార్థం కుళ్లి మీథేన్ అవుతుంది. సముద్రపు అడుగున పాతుకుపోవాల్సిన కార్బన్‌లో కొంత ఇలా గాలిలో కలుస్తోంది.

రెండో వైపు కూడా చెప్పకపోతే నా వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది. నది తెచ్చేదంతా అమృతం కాదు. మిస్సిసిప్పి తెచ్చే నత్రజని, భాస్వరాల వల్ల మెక్సికో సింధుశాఖలో ప్రతి వేసవిలో ప్లవకాలు విపరీతంగా పెరుగుతాయి. చచ్చి అడుగుకు చేరతాయి. వాటిని తినే బాక్టీరియా అక్కడి ఆక్సిజన్‌ను వాడేస్తుంది. పైన తేలిక నది నీరు, కింద బరువైన ఉప్పునీరు, రెండూ కలవవు కాబట్టి పైనున్న ఆక్సిజన్ కిందికి అందదు. ఈదగలిగినవి పారిపోతాయి, కదల్లేనివి చస్తాయి. 2017లో ఆ నిర్జీవ ప్రాంతం 22,000 చదరపు కిలోమీటర్లు దాటింది. ఇలాంటి చోట్లు ప్రపంచంలో 400కు పైగా ఉన్నాయని 2008లో లెక్క తేలింది. కాబట్టి గేట్లన్నీ ఎత్తేయండి, అన్నీ వదిలేయండి అని నేను అనడం లేదు. ఏది ఎంత, ఏ పాళ్లలో, ఏ నెలలో వెళ్తోందో కొలవమంటున్నాను.

సేంద్రియ పదార్థం దగ్గర సముద్ర శాస్త్రానికి ఒక పాత పొడుపుకథ ఉంది. నేల మీద కుళ్లి మిగిలిన గట్టి సరుకు, ముఖ్యంగా చెక్కలోని లిగ్నిన్, సులభంగా విరగదు. అలాంటిది కోట్ల టన్నులు ఏటా వస్తుంటే సముద్రం నిండా దాని ఆనవాళ్లు ఉండాలి. వెతికితే దొరికేది చాలా తక్కువ. కొంత తీరంలో పాతుకుపోతుంది, కొంత ఎండకు విరిగి సూక్ష్మజీవుల పాలవుతుంది. ఎంత పాతుకుంటుందన్నది నదిని బట్టి మారుతుంది. అమెజాన్ మొగ బయట ఆటుపోట్లు, అలలు బురదను పదే పదే కలియదిప్పుతాయి. ఆక్సిజన్ తగిలిన ప్రతిసారీ కొంత కార్బన్ ఖర్చవుతుంది. హిమాలయాల నుంచి గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే ఒండ్రు మాత్రం బంగాళాఖాతం అడుగున వేగంగా, మందంగా పేరుకుంటుంది, అందులోని కార్బన్‌లో ఎక్కువ భాగం అక్కడే లక్షల ఏళ్లు ఉండిపోతుంది. కాంగో నది మొగలోనే సముద్రగర్భ లోయ మొదలవుతుంది. 2019 డిసెంబరు చివర ఆ నదికి పెద్ద వరద వచ్చింది. మరి కొద్ది వారాలకే, 2020 జనవరిలో, ఆ లోయలోంచి బురద ప్రవాహం 1,100 కిలోమీటర్లకు పైగా సముద్రపు అడుగున దూసుకెళ్లి టెలికాం కేబుళ్లను తెంపేసింది. నది మోసుకొచ్చిన ఆకు, మట్టి అంత దూరం, అంత లోతుకు చేరుతుందని చాలామందికి తెలిసింది ఇంటర్నెట్ నెమ్మదించినందువల్ల!

వరద అన్నాను కదా, కొలతల సంగతి అక్కడే ఉంది. నది ఏడాది పొడవునా ఒకేలా మోయదు. నిటారు కొండల్లోంచి దిగే చిన్న నదులు ఏడాది మోతలో అధిక భాగాన్ని కొద్ది రోజుల వరదలోనే తెచ్చి పడేస్తాయి. 2009లో మొరాకోట్ తుఫాను వచ్చినప్పుడు తైవాన్ నదుల్లో కొట్టుకొచ్చిన కలపే లక్షల టన్నులు. నెలకోసారి సీసాతో నమూనా తీసుకుని సగటు కడితే ఆ వరద మీ లెక్కలోకే రాదు. పైగా వరద రోజున కొలత సిబ్బందిని భద్రత కోసం వెనక్కి పిలుస్తారు, అది సబబే. కానీ మీటరు పెట్టి నీటి మట్టం రాత్రీపగలూ నమోదు చేయగలిగినప్పుడు, మడ్డితనం కొలిచే సెన్సరు, దానంతటదే నమూనాలు పట్టే పరికరం పెట్టడం కష్టం కాదు. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. సిలికా పరీక్ష మామూలు ప్రయోగశాలలో రంగు చూసి చేసేది.

మీ వృత్తిలోనే దారులున్నాయి, నేను బయటివాణ్ణి, మీకంటే ఎక్కువ తెలుసనుకోను. చైనాలో షియావోలాంగ్‌డీ జలాశయం నుంచి 2002 మొదలు దాదాపు ఏటా ఒక కృత్రిమ వరద వదిలి పసుపు నదిలోని మట్టిని సముద్రం వైపు తోస్తున్నారు. వాళ్ల ఉద్దేశం నది గర్భం పూడిపోకుండా చూడడం, అయినా మొగకు చేరిన మట్టి, నీరు ఒక రుతువును తిరిగి ఇచ్చాయి. అమెరికాలో ఎల్వా నది మీది రెండు ఆనకట్టలను 2011, 2014 మధ్య తొలగించారు. తొలి ఐదేళ్లలోనే సుమారు రెండు కోట్ల టన్నుల మట్టి కిందికి కదిలింది. మొదట్లో ఆ మడ్డికి తీరంలోని కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) దెబ్బతింది, నీరు తేటపడ్డాక తిరిగి వచ్చింది. మొగలో కొత్త నేల పడింది. అందరూ ఆనకట్టలు తీసేయాలని నేను అడగను, తీయలేరు కూడా. అడుగు తూములు పెట్టడం, వరద తొలి రోజుల్లోని బురద నీటిని నిలపకుండా దాటించడం, వదిలే నీటిని ఏడాది పొడవునా సమంగా పంచకుండా వరద కాలంలో వరదలాగే వదలడం మాత్రం చేయగలరు. 'పర్యావరణ ప్రవాహం' అని ఒక అంకె రాసి ఎండాకాలంలో సన్నగా వదిలే తేట నీరు నదిలోని చేపకు మేలేమో గానీ, సముద్రానికి దాదాపు ఏమీ మోయదు. మొగలో గుడ్లు పెట్టే, పిల్లలుగా పెరిగే జీవాలు నీటి ఉప్పదనం ఎప్పుడు తగ్గుతుందో దాన్ని బట్టి కదులుతాయి. నెల తప్పితే నీరు ఎంత వదిలినా వాటికి అందదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మీరు తయారుచేసే తర్వాతి నివేదికలో, సముద్రంలో కలిసే నీరు అని రాసిన వరసకు పక్కనే ఇంకొన్ని గడులు గీయండి. ఒండ్రు, సేంద్రియ కార్బన్, నత్రజని, భాస్వరం, సిలికా. నెలవారీగా, ప్రాజెక్టుకు ముందు ఎంత, తర్వాత ఎంత, పైనున్న ఆనకట్టలన్నీ కలిపి ఎంత. అంకెలు దొరక్కపోతే గడి ఖాళీగా వదిలేయండి, ఆ ఖాళీని చూసైనా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ నివేదికను పరిశీలించే కమిటీలో సముద్ర జీవశాస్త్రం తెలిసిన మనిషిని, తీరంలో వేట చేసే మనిషిని కూర్చోబెట్టండి. ఎరువులు, మురుగు చూసే శాఖలు వేరేవని నాకు తెలుసు. నత్రజని గడి నింపాలంటే మీరు వాళ్లతో మాట్లాడక తప్పదు, నిజం చెప్పాలంటే ఆ గడి అడగడంలో నా ఉద్దేశం అదే.

ఇంకొకటి. నదుల మీద కొలత కేంద్రాలు పెట్టినప్పటి నుంచి రాసుకున్న బురద కొలతలు మీ కార్యాలయాల్లో దశాబ్దాల తరబడి ఉన్నాయి, చాలా వరకు కాగితాల మీదే. వాటిని ఉన్నవి ఉన్నట్టు బయట పెట్టండి. చేతిరాత పుస్తకాలైనా, కొన్ని నెలలు లేకపోయినా సరే. ముందున్న స్థితి తెలిపే ఆధారం అంతకు మించి ఎవరి దగ్గరా లేదు. వాటిని అంకెలుగా ఎక్కించే పనికి మా విద్యార్థులు, నేను సిద్ధంగా ఉన్నాం. ఎక్కడికి రమ్మంటారో చెప్పండి.

ఇట్లు,
ఒక సముద్ర జీవశాస్త్ర అధ్యాపకుడు